పళ్లు చేసే పని, మా తాత పళ్లు



పోయిన వారం ఒక తమ్ముడు ఇక్కడ అడిగిండు. "ఇంటర్ బైపీసీ అయింది, నీట్‌లో ర్యాంకు రాలేదు. హైదరాబాద్‌లో డెంటల్ లాబ్‌లో పని ఉందట, నేర్పిస్తూ జీతం ఇస్తమంటున్నరు, పోవాల్నా?" అని. కింద చాలా మంది జవాబులు రాసిన్రు. "పో తమ్మీ, ఏ పనైనా పనే" అని కొందరు. "పళ్ల డాక్టర్ దగ్గర కాంపౌండర్ పనా?" అని కొందరు. నేను పదేళ్లు దాటింది ఆ పనిలో ఉండబట్టి. పోవాలో వద్దో ఒక్క ముక్కలో చెప్పలేను, అందుకే ఈ పోస్టు రాస్తున్న. పెద్దగా ఉంటది, ఓపికతో చదవండి. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాన్ని ఇప్పటిదాకా మా ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మాది ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. నేను చదువుకునేటప్పుడు ఇంకా పాత ఆదిలాబాదే. ఇంట్లో గోండి, బడిలో తెలుగు. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివిన, తర్వాత హాస్టల్‌లో ఉండి ఇంటర్ చేసిన. 2013లో ఎంసెట్ రాసిన. అప్పటికి మనకు నీట్ లేదు. డాక్టర్ కావాలని మా నాయనకు ఆశ. నాకు వచ్చిన ర్యాంకుకు ఎంబీబీఎస్ దగ్గరికి కూడా రాలేదు. ఇంకో ఏడు కోచింగ్ అంటే మా ఇంట్లో పత్తి అమ్మిన పైసలు దానికి సరిపోవు. అప్పుడు హాస్టల్‌లో నాకన్నా రెండేళ్లు పెద్ద అన్న ఒకాయన చెప్పిండు, హైదరాబాద్‌లో పళ్లు చేసే లాబ్ ఉంది, మనుషులు కావాలట అని. "పళ్లు చేసుడేంది అన్నా?" అన్న నేను. నిజంగానే నాకు తెల్వదు. కట్టుడు పళ్లు డాక్టరే తయారు చేస్తడనుకున్న.

మీలో చాలా మంది ఇప్పటికీ అట్లనే అనుకుంటరు. అందుకే ముందు ఇది చెప్తా. డాక్టర్ నోరు చూస్తడు, పన్ను అరగదీస్తడు, అచ్చు తీస్తడు. ఆ అచ్చు ఒక కవర్‌లో చీటీతో సహా లాబ్‌కు వస్తది. చీటీ మీద పేషెంట్ పేరు, పన్ను నంబర్, రంగు నంబర్, ఎన్నో తారీకుకు కావాలో ఉంటది. నంబర్ 46 అంటే కింద కుడి వైపు పెద్ద దవడ పన్ను. రంగు A2, A3 అని ఉంటది. ఆ చీటీ చూసి పన్ను తయారు చేసేవాడే డెంటల్ టెక్నీషియన్. చట్టంలో వాడి పేరు డెంటల్ మెకానిక్. పేషెంట్ మొకం వాడు చూడడు. వాడి మొకం పేషెంట్ చూడడు. కొన్ని వేల మంది నోట్లో నా చేతి పని ఉంది, ఒక్కరికీ నేనెవరో తెల్వదు.

మొదటి ఏడాది నా పని ప్లాస్టర్. లాబ్‌లో కొత్తగా చేరినోళ్లందరికీ అదే పని. వచ్చిన అచ్చును కడిగి, మందు నీళ్లలో శుభ్రం చేసి, డెంటల్ స్టోన్ అనే పిండిని కొలత ప్రకారం నీళ్లతో కలిపి, వణికే మిషన్ మీద పెట్టి, ఒక మూల నుంచి కొంచెం కొంచెంగా వదలాలి. ఒక్కసారే పోస్తే లోపల గాలి బుడగ ఉండిపోతది. పన్ను తలమీద బుడగ ఉన్న అచ్చులో స్టోన్ పోస్తే మోడల్ మీద చిన్న గుండులాగ లేస్తది. గమనించకుండా దాని మీద క్యాప్ చేస్తే అది నోట్లో సరిగ్గా కూర్చోదు. ఆవగింజంత బుడగకు ఒక మనిషి మళ్లీ సెలవు పెట్టుకొని, బస్సెక్కి డాక్టర్ దగ్గరికి రావాలి.

ఒకసారి నేను ఇంకో రకం తప్పు చేసిన. ఆల్జినేట్ అని ఒక అచ్చు పదార్థం ఉంటది. సముద్రపు నాచు నుంచి తీసిన సరుకు, నిండా నీళ్లే. బయట పెడితే ఎండి కుంచించుకుపోతది, అందుకే వచ్చిన వెంటనే స్టోన్ పోయాలి. నేను అది టేబుల్ మీద పెట్టి చాయ్‌కి పోయిన, తర్వాత వేరే పనిలో పడ్డ. సాయంత్రం గుర్తొచ్చి పోసిన. చూడనీకి మోడల్ మంచిగనే ఉంది. మూడు పళ్ల బ్రిడ్జి దాని మీద చేసి పంపిన్రు. నాలుగో రోజు డాక్టర్ ఫోన్, బ్రిడ్జి ఎక్కుతలేదు అని. ఆ నెల నా జీతంలో కోసిన్రు. జీతమే నాలుగు వేలు, అందులో కోత. కోపం వచ్చింది. ఒక్క మాట మాత్రం అప్పుడే బుర్రకెక్కింది. ఈ పనిలో తప్పు చేసినప్పుడు కనపడదు, నోట్లో పెట్టినంక కనపడ్తది.

లాబ్‌లో ఒక సీనియర్ ఉండె. అందరం భాయ్ అనేవాళ్లం. పింగాణీ పని, అంటే లోహపు క్యాప్ మీద పన్ను రంగు పొరలు వేసి కాల్చే పని, ఆయన లాగ చేసేటోన్ని నేను ఇప్పటికీ చూడలేదు. మనిషి పన్ను ఒకే రంగు ఉండదు, చిగురు దగ్గర కొంచెం పసుపు, కొనకు పోయేకొద్ది అద్దం లాగ ఉంటది. ఆయన సన్న కుంచెతో తడి పొడి అద్దుకుంట అదంతా తెచ్చేటోడు. కొందరు డాక్టర్లు ఆయన చేస్తేనే పంపుతమని చీటీ మీద రాసేవాళ్లు. పనిలో ఇరవై ఏళ్ల అనుభవం. ఆయన దగ్గరనే నేను మైనం పని నేర్చుకున్న.

మైనం పని చేసిన మొదటి రోజు నాకు మా ఊరు గుర్తొచ్చింది. ఎందుకో చెప్తా. లోహపు క్యాప్ చేయాలంటే ముందు మోడల్ మీద మైనంతో పన్ను ఆకారం చేస్తరు. దానికి మైనపు కాడ ఒకటి అతికిస్తరు. దాని చుట్టూ వేడికి తట్టుకునే పిండిని పోసి గట్టి పడనిస్తరు. తర్వాత కొలిమిలో పెడితే లోపల మైనం కరిగి, కాలి పోతది. మైనం ఉన్న జాగా ఖాళీ అయితది. ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తరు. పైన పిండి పగలగొడితే మైనం ఎట్లుండెనో అట్లనే లోహపు పన్ను.

"ఇది మా దగ్గర ఓజాలు చేస్తరు భాయ్" అన్న నేను. ఆయనకు అర్థం కాలేదు. మన ఓజా వాళ్లు మట్టి ముద్ద మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చి, కరిగిన ఇత్తడి పోసి, గంటలు, దీపాలు, దేవుళ్ల సామాను చేస్తరు కదా, ఉషేగాం దిక్కు. చిన్నప్పుడు మా తాతతో కలిసి గంట కోసం పోయి, ఒక రోజంతా అక్కడ కూసొని చూసిన. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అదీ ఇదీ పద్ధతి ఒక్కటే. కాకపోతే ఇక్కడ లోహం నికెల్ క్రోమియం, తేడా వెంట్రుక మందం కన్నా తక్కువ ఉండాలి. మనకు రాని పని కాదు ఇది అని ఆ రోజు నాకు ధైర్యం వచ్చింది. తర్వాత డిప్లొమాలో నోటి పరీక్షలో సార్ అడిగిండు, "ఈ పద్ధతి పళ్ల పనిలో కాకుండా ఇంకెక్కడ వాడతరు?" అని. మిగతావాళ్లు నగలు అన్నరు. నేను ఓజాల గురించి చెప్పిన. సార్ ఇంకో ప్రశ్న అడగకుండా దాని గురించే పది నిమిషాలు చెప్పించుకున్నడు.

ఇగ నా తప్పు దగ్గరికి వస్తా.

మా తాతకు అప్పటికి పళ్లన్నీ ఊడిపోయినయి. చిన్నప్పటి నుంచి తంబాకు నమిలే అలవాటు. జొన్న రొట్టె తినే మనిషి గట్క మీద బతుకుతుండె. రొట్టె ఇస్తే పప్పులో నానబెట్టి మింగేది. అంతకన్నా పెద్ద బాధ మాట. దండారి వచ్చిందంటే మా దగ్గర పాత కథలు, పాత పాటలు పెద్దోళ్లే చెప్పాలి. పళ్లు లేక గాలి పోయి మాటలు అర్థమయ్యేవి కావు. పిల్లలు నవ్వుతరని ఆయన చెప్పుడే బంద్ చేసిండు. నేను పళ్లు చేసే పనిలో ఉన్ననని తెలిసినంక ఒకటే మాట, "ఏం బిడ్డా, పట్నపోళ్లందరికీ పండ్లు చేస్తవట, నాకెప్పుడు చేస్తవ్?"

2015 దీపావళికి ఇంటికి పోయేటప్పుడు లాబ్ నుంచి ట్రేలు, ఆల్జినేట్ పట్టుకొని పోయిన. మా ఇంటి ముందట మంచం మీద కూసోబెట్టి, తాత నోట్లో నేనే అచ్చు తీసిన. చుట్టూ ఊరు ఊరంతా నిలబడి చూస్తుండె. నేను డాక్టర్ అయినంత సంబరంగా ఉండె మా నాయనకు. పై దవడకు కింది దవడకు మధ్య ఎంత ఎత్తు ఉండాలో కూడా నేనే అందాజు చేసిన. హైదరాబాద్ వచ్చి రాత్రిళ్లు కూసొని సెట్ చేసి ఒక దోస్తు చేత ఊరికి పంపిన. పెట్టుకున్నడట. ఫోన్‌లో మాట్లాడిండు. "మంచిగున్నయి బిడ్డా" అన్నడు. నేను ఆ రోజు లాబ్‌లో అందరికీ మిఠాయి పంచిన.

నాగోబా జాతరకు మళ్లీ పోయినప్పుడు చూసిన. తాత బక్కగా అయిపోయిండు. పళ్లు డబ్బాలో ఉన్నయి. నోరు తెరవమంటే ఇష్టపడలేదు. మా అమ్మ చెప్పింది, పెట్టుకుంటే నొప్పి, కానీ నువ్వు బాధపడతవని నీకు చెప్పొద్దన్నడు అని. నోరు తెరిపించి చూస్తే కింది చిగురు లోపలి వైపు పుండు. నేను చేసిన సెట్ అంచు అక్కడ పొడుగు అయింది. నాలుక కదిలినప్పుడల్లా కోసుకుంట ఉంది. రెండు నెలలు ఆ పుండుతోనే తిన్నడు.

పక్క రోజే ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకపోయిన. పళ్ల డాక్టర్ ఒక మేడం. పుండు చూసింది. తర్వాత బుగ్గ లోపల అద్దం పెట్టి చాలా సేపు చూసింది. "ఈ సెట్ ఎవరు చేసిన్రు?" అని అడిగింది. నేనే అని చెప్పిన. ఎక్కడ చదివినవ్ అంటే చదవలేదు, లాబ్‌లో పని చేస్త అన్న. అప్పుడు ఆమె నన్ను దగ్గరికి పిలిచి బుగ్గ లోపల చూపించింది. అక్కడ తెల్లటి మచ్చ, గీకితే పోనిది. "తంబాకు తినేవాళ్లలో ఇది కొందరికి క్యాన్సర్ వైపు పోతుంది. నువ్వు అచ్చు తీసిన రోజు కూడా ఇది ఇక్కడ ఉండే ఉంటుంది. చూసినవా?" అన్నది.

చూడలేదు. చూసినా నాకు తెల్వదు. నేను నోట్లో పళ్లు పెట్టే జాగా చూసిన, నోరు చూడలేదు.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిన్రు. జవాబు వచ్చేదాకా నాకు నిద్ర లేదు. దేవుడి దయ, క్యాన్సర్ కాదని వచ్చింది. తంబాకు మానాలి, మళ్లీ మళ్లీ వచ్చి చూపించుకోవాలి అన్నరు. మేడం నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండు అనిపించింది. "చేతి పని బాగానే ఉంది, కానీ ఇది నీ హద్దు కాదు. చదువుకో" అన్నది అంతే.

ఆ హద్దు సంగతి తర్వాత చదువులో తెలిసింది. 1948 నాటి డెంటిస్టుల చట్టంలోనే డెంటల్ మెకానిక్ అంటే ఎవరో రాసి ఉంది. పళ్ల సెట్లు, నోటికి పెట్టే పరికరాలు తయారు చేసేవాడు, బాగు చేసేవాడు. నోట్లో అచ్చు తీసుడు, పళ్లు అమర్చుడు డాక్టర్ పని. సంతల్లో గొడుగు కింద కూసొని కట్టుడు పళ్లు అప్పటికప్పుడు పెట్టేటోళ్లను మీరు చూసే ఉంటరు. వాళ్లలో కొందరి చేతిలో మంచి పని ఉండవచ్చు. కానీ బుగ్గలో మచ్చ చూసే కన్ను వాళ్లకు లేదు, నాకూ లేకుండె. కెనడా లాంటి దేశాల్లో డెంచరిస్ట్ అని వేరే చదువు ఉంది, వాళ్లు నేరుగా పేషెంట్‌కు సెట్ చేయొచ్చు. దానికి నోటి జబ్బులు గుర్తుపట్టే చదువు కూడా చదివిస్తరు. మన దగ్గర అట్ల లేదు. చట్టం మనల్ని తక్కువ చేయనీకి పెట్టిన గీత అనుకునేవాన్ని మొదట్లో. మా తాత బుగ్గ చూసినంక అట్ల అనుకోలేదు.

అదే టైంలో ఇంకోటి జరిగింది. ఒక ప్రభుత్వ సంస్థలో డెంటల్ టెక్నీషియన్ పోస్టు పడింది. భాయ్ పేపర్ పట్టుకొని వచ్చి నన్ను చదవమన్నడు. గుర్తింపు ఉన్న డిప్లొమా కావాలి, డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కావాలి అని ఉంది. ఆయనకు రెండూ లేవు. పదో తరగతి మధ్యలో బంద్ చేసి లాబ్‌లో చేరిన మనిషి. పేపర్ మడిచి జేబులో పెట్టుకొని పోయి మళ్లీ కుంచె పట్టుకున్నడు. ఆ పొద్దు ఆయన చేసిన ముందు పళ్లు ఆరు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉన్నయి, అంత చక్కగా వచ్చినయి. ఇరవై ఏళ్ల పని తెలిసిన చేతికి ఒక అప్లికేషన్ పెట్టే హక్కు లేదు.

2016లో నేను డెంటల్ మెకానిక్ డిప్లొమాలో చేరిన. రెండేళ్లు. ఇంట్లో మళ్లీ చదువా అన్నరు. పొద్దున కాలేజీ, సాయంత్రం లాబ్. ప్లాస్టర్ పోసుడు నాకు ముందే వచ్చు, కానీ అది ఎందుకు గట్టి పడ్తదో అక్కడ తెలిసింది. మొదట్లో మైనం దిమ్మెల మీద పళ్లు చెక్కిస్తరు. ఒక్కో పన్నుకు ఎన్ని గుబ్బలు, ఎన్ని లోయలు, వేరు ఎటు వంగుతది, అన్నీ కొలత ప్రకారం. లాబ్‌లో మూడేళ్లు క్యాప్‌లు చేసిన నేను మొదటి చెక్కుడులో ఎడమ పన్నును కుడి పన్నులాగ చెక్కిన. సార్ నవ్విండు. అలవాటుతో చేసే పనికి, తెలిసి చేసే పనికి తేడా అది.

ఇంకో ఉదాహరణ. పళ్ల సెట్ గులాబీ రంగు భాగం అక్రిలిక్. పొడి, ద్రవం కలిపితే మొదట ఇసుక లాగ, తర్వాత తీగలు సాగినట్టు, తర్వాత పిండి ముద్ద లాగ అయితది. ముద్ద అయినప్పుడే అచ్చులో నింపాలి. తర్వాత నీళ్లలో పెట్టి నెమ్మదిగా వేడి చేయాలి. 74 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, ఆ తర్వాతనే మరిగించాలి. లాబ్‌లో తొందర ఉన్నప్పుడు డైరెక్టుగా మరిగే నీళ్లలో వేసేవాళ్లం, కొన్ని సెట్లలో లోపల చిన్న చిన్న రంధ్రాలు వచ్చేవి. ఎందుకో ఎవరికీ తెల్వదు, "మెటీరియల్ మంచిగ లేదు" అనేవాళ్లం. ఆ ద్రవం నూరు డిగ్రీలకు కొంచెం పైన మరుగుతది, గట్టి పడకముందే వేడెక్కితే లోపలే ఆవిరై బుడగలు మిగులుతయి. ఆ రంధ్రాల్లో మురికి చేరుతది, సెట్ అక్కడే పగుల్తది. తప్పు మెటీరియల్‌ది కాదు, మా తొందరది.

రెండో ఏడాదిలో తాతను హైదరాబాద్ తీసుకొచ్చిన. మా కాలేజీ ఆస్పత్రిలోనే డాక్టర్లు చూసిన్రు. ముందు బుగ్గ చూసిన్రు, మచ్చ తగ్గింది. తంబాకు మానిండు, అంటే మాకు కనపడకుండా తింటుండెనేమో తెల్వదు కానీ మచ్చ మాత్రం తగ్గింది. ఈసారి సెట్ ఎట్ల చేయాలో అట్ల జరిగింది. మొదటి అచ్చు మీద నేను ఆయన దవడకు సరిపోయే సొంత ట్రే చేసి ఇచ్చిన. దానితో డాక్టర్ రెండో అచ్చు తీసింది, నాలుక, పెదవి కదిలిస్తూ అంచులు ఎక్కడికి ఆగాలో పట్టుకున్నది. నేను మైనం కట్టలు చేసి ఇస్తే, వాటితో రెండు దవడల మధ్య ఎత్తు కొలిచింది. దాన్ని ఆర్టిక్యులేటర్ అనే, దవడ లాగ కదిలే పరికరం మీద ఎక్కించి నేను మైనంలో పళ్లు పేర్చిన. గట్టి సెట్ చేయకముందే ఆ మైనం సెట్ నోట్లో పెట్టి చూసిన్రు. నేను మంచం మీద చేసిన దాంట్లో ఇవేవీ లేవు. ఒక్క అచ్చు, ఒక్క అందాజు.

మైనం సెట్ పెట్టినప్పుడు డాక్టర్ ఆయనను ఏదన్న మాట్లాడమన్నది. తాతకు తెలుగు తక్కువ. నా దిక్కు చూసిండు. గోండిలో మాట్లాడు తాతా అన్న. మా ఇంటి దేవుడి కథ మొదలు పెట్టిండు. డాక్టర్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ గాలి ఎక్కడ పోతుందో విన్నది. రెండు ముందు పళ్లు కొంచెం లోపలికి జరపమన్నది. నేను అక్కడనే మంట మీద కత్తి వేడి చేసి జరిపిన. మళ్లీ చెప్పించిన్రు. ఈసారి మాట తేటగా వచ్చింది. తాత కథ ఆపలేదు. బయట లైన్‌లో పేషెంట్లు ఉన్నరు, అయినా డాక్టర్ ఆపమనలేదు. పని చేసుడు మొదలుపెట్టినంక నా చేతి పని ఒక మనిషి నోట్లో మాట్లాడుడు నేను వినడం అదే మొదటిసారి.

ఆ పళ్లు పెట్టుకొని ఆయన రొట్టె తిన్నడా అని మీరు అడుగుతరు. తిన్నడు, కొన్ని రోజులు. తర్వాత పాత అలవాటే, తినేటప్పుడు తీసి గ్లాసులో పెట్టుకునేది. దండారికి, పెళ్లిళ్లకు, ఎవరన్న ఫొటో తీస్తమన్నప్పుడు మాత్రం తప్పకుండా పెట్టుకునేది. కథలు మాత్రం మళ్లీ మొదలు పెట్టిండు. కొన్ని నా ఫోన్‌లో ఉన్నయి.

ఇప్పుడు ఆ తమ్మునికి నా జవాబు.

పని మంచిదే తమ్మీ. చెయ్యి స్థిరంగా ఉండాలి, కన్ను పట్టాలి, ఓపిక కావాలి. ఇవి మన పిల్లల్లో ఉన్నయి. ఇంగ్లీషు రాదని భయపడకు, చీటీ మీద మాటలు నెలలో వస్తయి. పని మారుతుంది కూడా. ఇప్పుడు నేను ఎక్కువగా కంప్యూటర్ మీద పన్ను డిజైన్ చేస్త. జిర్కోనియా దిమ్మెను మిషన్ చెక్కుతది. దాన్ని దాదాపు 1500 డిగ్రీల కొలిమిలో కాలిస్తే ఐదో వంతు దాకా కుంచించుకుపోతది, అందుకే ముందే పెద్దగా చెక్కుతరు. మిషన్ వచ్చిందని పని పోలేదు. కానీ పన్ను ఆకారం తెల్వనోడు మౌస్ పట్టుకొని ఏం చేయలేడు. మైనం చెక్కినోడే కంప్యూటర్ మీద కూడా మంచిగ చేస్తున్నడు.

లాబ్‌లో చేరే ముందు మాత్రం ఇవి చూసుకో.

డిప్లొమా ముందు, లాబ్ తర్వాత. ఇంట్లో కుదరక లాబ్‌లోనే చేరాల్సి వస్తే, రెండేళ్ల కన్నా ఎక్కువ కాగితం లేకుండా ఉండకు. లాబ్ ఓనర్ ఇచ్చే సర్టిఫికెట్ వేరు, గుర్తింపు ఉన్న డిప్లొమా వేరు. ఆరు నెలల్లో టెక్నీషియన్ చేస్తమనే బోర్డులు చాలా ఉన్నయి. కాలేజీ చెప్పే మాట నమ్మకుండా, ఈ కోర్సు చేస్తే రిజిస్ట్రేషన్ ఇస్తరా అని రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌నే అడుగు. 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం కూడా వచ్చింది, కాబట్టి నా కాలం నాటి రూల్సే ఉంటయని అనుకోకు. స్కాలర్‌షిప్ వస్తదా లేదా అన్నది ఫీజు కట్టకముందే ఐటీడీఏలో కనుక్కో, కట్టినంక కాదు.

ఊపిరితిత్తులు కాపాడుకో. లోహం, స్టోన్, పింగాణీ అరగదీస్తుంటే వచ్చే దుమ్ము సన్నది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో కూసుంటది, మళ్లీ పోదు. చేరే లాబ్‌లో దుమ్ము గుంజే మిషన్ ఉందా చూడు. మాస్కు అడుగు, ఇవ్వకపోతే నువ్వే కొనుక్కో. అక్రిలిక్ ద్రవంలో ఉత్త చేతులు పెట్టకు. నా వేళ్ల మీద చర్మం పగిలిన గుర్తులు ఇంకా ఉన్నయి, అప్పుడు గ్లౌజులు వేసుకుంటే పిరికోడు అనేవాళ్లు.

జీతం మొదట్లో తక్కువ. అది దాచి చెప్పను. పని వచ్చినంక పెరుగుతది, అందులోనూ పింగాణీ, డిజైన్ వచ్చినోళ్లకు. డిప్లొమా, రిజిస్ట్రేషన్ ఉంటే ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో, ఎయిమ్స్ లాంటి సంస్థల్లో పోస్టులు పడినప్పుడు అప్లై చేసే హక్కు ఉంటది. పోస్టులు తక్కువే. కానీ పడిన రోజు భాయ్ లాగ పేపర్ మడిచి జేబులో పెట్టుకునే పరిస్థితి నీకు రావొద్దు.

చివరిది. నువ్వు ఈ పని నేర్చుకున్నవని తెలిసిన రోజే ఊర్లో పెద్దోళ్లు మాకూ పళ్లు చెయ్యి బిడ్డా అని అడుగుతరు. కాదనలేవు, నాకు తెలుసు. నేను ఇప్పుడు ఏం చేస్త అంటే, పండుగకు పోయినప్పుడు అడిగినోళ్లను ఇద్దరినో ముగ్గురినో వెంటబెట్టుకొని ఆస్పత్రికి పోత. లైన్‌లో నిలబడత, వాళ్లు గోండిలో చెప్పేది డాక్టర్‌కు తెలుగులో చెప్త, డాక్టర్ చెప్పేది వాళ్లకు గోండిలో చెప్త. తంబాకు నమిలే ప్రతి ఒక్కరికీ బుగ్గ చూపించమంట. సెట్ మన లాబ్‌కు వస్తే రాత్రి కూసొని చేస్త. నోట్లో చెయ్యి మాత్రం పెట్టను.

పోయిన దండారికి అట్ల తీసుకపోయిన వాళ్లలో ఒక అవ్వ బుగ్గలో కూడా మచ్చ కనపడింది. తొందరగానే వచ్చిన్రు అన్నడు డాక్టర్. ఆమె ఇంకా పళ్ల కోసమే పోయిన అనుకుంటుంది.

తమ్మీ, ఇంకేమన్న అడగాలంటే కింద అడుగు. లాబ్ పేరు వద్దు, వాళ్లు నీకు ఏం చెప్పిన్రో, ఏం కాగితం ఇస్తమన్నరో అది రాయి. ఈ పనిలో ఉన్న మన అన్నలు, అక్కలు ఇంకెవరన్న ఉంటే మీ అనుభవం కూడా రాయండి.

జై సేవా.